హోమం పొగతో ఇంట్లో గాలి శుద్ధి అవుతుందా? ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ గదిలో కూర్చోవచ్చా?

ప్రశ్న అడిగినావిడ చాలా వివరంగా రాశారు, మిగతావాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్, ఏడో అంతస్తు, గృహప్రవేశానికి హాల్లోనే గణపతి హోమం, నవగ్రహ హోమం చేయించాలనుకుంటున్నారు. అత్తగారికి ఆస్తమా, ఇంట్లో నెలల పాప. హోమం పొగ గాలిని శుద్ధి చేస్తుంది, ఆస్తమాకి కూడా మంచిదే, తలుపులు కిటికీలు వేసి పొగ ఇల్లంతా పట్టించాలి అని పెద్దవాళ్ళు అంటున్నారట. అది నిజమేనా, ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తున్నాను. లేదండీ, హోమం ఇంట్లో గాలిని శుభ్రం చెయ్యదు. జరుగుతున్నంతసేపూ, తర్వాత కొన్ని గంటలపాటూ, గదిలో గాలి బాగా పాడవుతుంది. తలుపులేసి పొగ పట్టించడమైతే అస్సలు వద్దు. మీ అత్తగారినీ పాపనీ ఆ గదిలో కూర్చోబెట్టొద్దు. అలా అని హోమం మానేయమని మాత్రం నేను అనను, నిశ్చింతగా చేయించుకోండి, ఎలా చేయిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదో కింద రాస్తాను.

నేను చాలా ఏళ్ళుగా ఆఫీసులు, హాస్పిటళ్ళు, అపార్ట్‌మెంట్లలో లోపలి గాలిని పరీక్ష చేసే పనిలో ఉన్నాను. మా మేనమామ వైదికం చేస్తారు, చిన్నప్పట్నుంచి ఆయన వెంట హోమాలకి వెళ్ళి సమిధలు అందించినవాణ్ణి. మా ఇంట్లోనూ హోమం జరుగుతుంది. అందుకే ఈ విషయంలో రెండు వైపుల నుంచీ వచ్చే తప్పు మాటలు నాకు బాధ కలిగిస్తాయి, ఒకళ్ళు హోమాన్ని ఆక్సిజన్ ఫ్యాక్టరీ అంటారు, ఇంకొకళ్ళు మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు.

ముందు ఆ ఆక్సిజన్ సంగతి చూద్దాం, ఎందుకంటే వాట్సాప్‌లో అందరికీ వచ్చేది అదే. 10 గ్రాముల ఆవు నెయ్యి అగ్నిలో వేస్తే టన్ను ఆక్సిజన్ పుడుతుందని. ఏ వస్తువు కాలినా గాలిలో ఉన్న ఆక్సిజన్‌ని వాడుకునే కాలుతుంది. 10 గ్రాముల నెయ్యి పూర్తిగా కాలాలంటే పాతిక గ్రాముల పైన ఆక్సిజన్ ఖర్చవుతుంది, కిలో ఎండు కట్టె కాలాలంటే కిలో పైనే కావాలి, బదులుగా వచ్చేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. 10 గ్రాముల వస్తువులోంచి టన్ను ఇంకో వస్తువు రావడం అనేది ఏ లెక్కలోనూ కుదరదు. ఇది ఫార్వర్డ్ చేసేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ పిల్లలు స్కూల్లో సైన్సు చదివి వచ్చి ఇంట్లో అడిగితే మనం ఏం చెప్తాం చెప్పండి.

ఇంక రెండోది, ఇది వాట్సాప్ కథ కాదు, నిజంగానే ఉన్న పరిశోధన. లక్నోలోని నేషనల్ బొటానికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. మూసిన గదిలో కట్టెలు, హోమ సామగ్రి మూలికలు కలిపి గంటసేపు కాలిస్తే గాలిలో బ్యాక్టీరియా సంఖ్య 94 శాతం పైగా తగ్గిందని, మూసిన గదిలో ఆ ప్రభావం 24 గంటల వరకు ఉందని అందులో ఉంది. హోమం గాలిని శుద్ధి చేస్తుందని చెప్పేవాళ్ళందరూ చివరికి దీని దగ్గరికే వస్తారు. నేను దాన్ని కాదనను. పొగకి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉంది, చేపల్ని పొగబెట్టి నిల్వ చేసేది అందుకే కదా. కానీ అక్కడ లెక్కపెట్టింది బ్యాక్టీరియాని. ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న ధూళి ఎంత, కార్బన్ మోనాక్సైడ్ ఎంత అనేది వేరే ప్రశ్న, దానికి వేరే మీటర్లు కావాలి. బ్యాక్టీరియా తగ్గిన గదిలోనే ధూళి విపరీతంగా పెరిగి ఉండొచ్చు, రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇంకో మాట. పొగలో క్రిముల్ని చంపేవాటిలో ముఖ్యమైన ఒకటి ఫార్మాల్డిహైడ్. దీన్నే కోళ్ళ హేచరీల్లో ఫ్యూమిగేషన్‌కి వాడతారు, ఫార్మలిన్‌లో పొటాషియం పర్మాంగనేట్ కలిపి గది మూసేసి మనుషులు బయటికి వచ్చేస్తారు, గాలి మొత్తం పోయాకే మళ్ళీ లోపలికి వెళ్తారు. మన దగ్గర కోళ్ళ ఫారాలున్న ఊళ్ళవాళ్ళకి ఆ ఘాటు బాగా తెలుసు. క్రిమిని చంపే మోతాదులో ఉన్నది ఊపిరితిత్తి లోపలి పొరని మాత్రం ఏమీ చెయ్యదని ఎలా అనుకుంటాం. డబ్ల్యూహెచ్‌ఓ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. ఒక్క హోమంతో క్యాన్సర్ వస్తుందని భయపెట్టడానికి చెప్పట్లేదు. మూసిన గదిలో ఆ పొగలో కూర్చోవడం వైద్యం అవ్వదని చెప్పడానికే రాస్తున్నాను.

అసలు లెక్క ఎంత ఉంటుందంటే. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది తీసుకోండి, దాదాపు 40 ఘనపు మీటర్ల గాలి. బహిరంగంగా మండే కట్టెల నుంచి కిలోకి కొన్ని గ్రాముల సన్న ధూళి వస్తుంది, దీన్నే పీఎం 2.5 అంటాం, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు రేణువులు. మనం బాగా తగ్గించి ఒక్క గ్రామే అనుకుందాం. ఒక గ్రాము అంటే 10 లక్షల మైక్రోగ్రాములు, అది ఆ గదిలోనే ఉండిపోతే ఘనపు మీటరుకి 25,000. అందులో 99 శాతం కిటికీలోంచి పోయిందనుకున్నా 250 మిగులుతుంది. పోల్చుకోవడానికి, మన దేశ ప్రమాణం 24 గంటల సగటు 60, డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది 15. హోమం గంటో రెండు గంటలో కాబట్టి రోజు సగటుతో నేరుగా పోల్చకూడదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆస్తమా ఉన్నవాళ్ళకి రోజు సగటు అక్కర్లేదు, ఆ అరగంట చాలు.

మీ ఆయన చిన్న మీటరు కొన్నారని రాశారు కదా. హోమం దగ్గర అది 999 దగ్గర ఆగిపోతే పాడైందనుకోకండి, చవక మీటర్లు చాలావాటికి అదే ఆఖరి అంకె, అసలు విలువ అంతకంటే పైన ఉందని అర్థం. అలాగే అందులో వీఓసీ (రంగులు, జిగుర్ల లాంటివాటి నుంచి గాల్లోకి వచ్చే రసాయన ఆవిర్లు) అని, కార్బన్ డయాక్సైడ్ అని చూపించే అంకెలన్నీ నమ్మకండి, చాలావాటిలో ఒకే సెన్సర్ అన్నిటికీ అంచనా వేసి చూపిస్తుంది. పీఎం 2.5 అంకె ఒక్కటి చూసుకోండి, అది కూడా పెరుగుతోందా తగ్గుతోందా అన్నంతవరకే.

నేను మీటరు పెట్టి చూసిన ఇళ్ళలో ఒకటి ప్రతిసారీ కనిపిస్తుంది. పొగ వేడిగా ఉంటుంది కాబట్టి ముందు సీలింగ్‌కి వెళ్ళి పరుచుకుంటుంది, అక్కడ నిండాక తలుపు పైభాగం నుంచి బెడ్‌రూముల్లోకి పాకుతుంది. కింద పీటల మీద కూర్చున్న దంపతుల కంటే వెనకాల నిలబడి చూస్తున్న చుట్టాలకి ఎక్కువ తగులుతుంది. పక్క గదిలో పడుకోబెట్టాం కదా పాపకేం కాదు అనుకుంటారు, ఆ గది తలుపు తీసి ఉంటే పూర్ణాహుతి అయ్యేసరికి అక్కడా మీటరు ఎగబాకుతుంది. ఓ ఇంట్లో పెద్దాయన ‘ఇక్కడ నాకేం పొగ కనబడట్లేదే’ అన్నారు, నిజంగానే కంటికి కనబడట్లేదు, మీటరు మాత్రం హాల్లో ఉన్నదాంట్లో దాదాపు సగం చూపించింది. సన్న ధూళితో ఇదే ఇబ్బంది, కంటికి ఆనే పొగ పోయాక కూడా అది గాల్లో తేలుతూనే ఉంటుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయానికి వస్తాను. మన శాస్త్రం అడిగింది మంటని. పొగని ఎక్కడా అడగలేదు. ముండకోపనిషత్తు మొదటి ముండకం రెండో ఖండంలోనే ఉంది, అగ్ని బాగా ప్రజ్వరిల్లి జ్వాల కదలాడుతున్నప్పుడు ఆహుతులు వెయ్యాలని. సమిధ ఎలా ఉండాలంటే ప్రాదేశ మాత్రం, అంటే బొటనవేలు చూపుడువేలు చాపితే వచ్చేంత పొడవు, బొటనవేలికంటే లావు ఉండకూడదు, పురుగు పట్టి ఉండకూడదు. ఇంజనీరింగ్ వైపు నుంచి చూసినా సన్నగా పొడిగా ఉన్న పుల్ల మంటతో కాలుతుంది, లావుగా తడిగా ఉన్నది కుమిలి పొగ కక్కుతుంది. మంటతో కాలినప్పుడు పొగలోని చాలా పదార్థాలు ఆ మంటలోనే కాలిపోతాయి. కుమిలేటప్పుడు అవన్నీ గదిలోకి వస్తాయి, కార్బన్ మోనాక్సైడ్ కూడా అప్పుడే ఎక్కువ. మా మేనమామ ఇప్పటికీ పొగ లేస్తుంటే ఆహుతి ఆపేస్తారు, విసనకర్రతో విసిరి జ్వాల వచ్చాకే మళ్ళీ స్రువం, అంటే నెయ్యి వేసే చెక్క గరిటె, ఎత్తుతారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దుకాణం నుంచి వచ్చిన మణికట్టంత లావు మామిడి కట్టెలు, అవి కూడా వర్షాకాలంలో చెమ్మగా, వాటి మీద ద్రవ్యాలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే మంట చచ్చి గదంతా తెల్లటి పొగ.

ఇంకోటి, పెద్ద యాగాలు ఎప్పుడూ మూసిన ఇళ్ళలో చెయ్యలేదు. యాగశాల అంటే వెదుళ్ళు, తాటాకులతో వేసిన పందిరి, చుట్టూ గాలి ఆడుతుంది. 1975లో కేరళలోని పాంజాళ్‌లో జరిగిన అగ్నిచయనం అనే పెద్ద వైదిక యాగం ఫొటోలు చూడండి, తెలుస్తుంది. కోనసీమ అగ్రహారాల్లో నిత్యాగ్నులు పెట్టుకున్న ఆహితాగ్నుల ఇళ్ళూ పెంకుటిళ్ళే, పెంకుల సందుల్లోంచే పొగ పోయేది, వెనక పెరడు ముందు అరుగు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, ఫాల్స్ సీలింగ్, స్ప్లిట్ ఏసీ ఉన్న ఫ్లాట్ ఆ ఇల్లు కాదు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్నదాన్నే తిప్పుతుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

సరే, మీరు ఏం చెయ్యాలో చెప్తాను.

అన్నిటికంటే ముందు చోటు. ఫ్లాట్‌లోపలే చెయ్యాలని నియమం ఏమన్నా ఉందా అని మీ పురోహితుల్ని అడగండి. చాలామంది బాల్కనీకి, టెర్రస్‌కి, కింద సెల్లార్ బయట ఖాళీ స్థలానికి ఒప్పుకుంటారు, పూజ లోపల, హోమం బాల్కనీ గుమ్మం దగ్గర చేసేవాళ్ళూ ఉన్నారు. ఇల్లు తాకిన హోమం కావాలి అని పెద్దవాళ్ళు పట్టుబడితే హాల్లో బాల్కనీ తలుపుకి దగ్గరగా పెట్టుకోండి, గది మధ్యలో వద్దు. పైకి చూడండి, కొత్త అపార్ట్‌మెంట్లలో సీలింగ్‌కి స్ప్రింక్లర్లు ఉంటాయి, చిన్న ఎర్ర గాజు గొట్టం ఉంటే అది 68 డిగ్రీలకి పగిలి నీళ్ళు కురుస్తాయి. పూర్ణాహుతి మంట ఎంత ఎత్తు లేస్తుందో తెలుసుగా, హోమగుండం దాని కిందకి రాకుండా చూసుకోండి. స్మోక్ డిటెక్టర్ల సంగతి అసోసియేషన్ వాళ్ళకి ముందే చెప్పండి, వాళ్ళే ఆ కాసేపు చూసుకుంటారు.

గాలికి దారి ఇవ్వాలి. కిటికీలు తీస్తే చాలు అనుకుంటారు, చాలదు. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి పోవాలి. యజమాని దంపతులు గుండానికి పడమర కూర్చుని తూర్పు చూస్తారు కదా, వాళ్ళ వీపు వైపు నుంచి గాలి వచ్చి ఎదర నుంచి బయటికి పోతే అందరికీ మేలు. వర్షాకాలంలో హైదరాబాద్‌లో గాలి ఎక్కువగా పడమర నుంచే వీస్తుంది కాబట్టి తూర్పు కిటికీ ఉంటే అదృష్టమే. మీ ముహూర్తం మాఘంలో తెల్లవారుజామున అని రాశారు, అప్పుడు గాలి అసలు కదలదు, చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి పేరుకుని పొగ పైకి పోదు. అందుకని బాల్కనీ తలుపులో పెడెస్టల్ ఫ్యాన్ బయటికి ముఖం చేసి పెట్టండి, అది లోపలి గాలిని బయటికి తోస్తుంది, ఎదురుగా ఉన్న కిటికీ తీసిపెడితే కొత్త గాలి అటునుంచి వస్తుంది. వంటింటి చిమ్నీ డక్టు బయటికి ఉంటే దాన్నీ ఫుల్‌లో పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ మాత్రం వద్దు, పైన చేరిన పొగని కిందికి తెచ్చి అందరి ముక్కుల దగ్గర కలుపుతుంది, నిప్పురవ్వలు కూడా లేస్తాయి.

తేడా ఎంత ఉంటుందో ఒక లెక్క. అన్నీ మూసిన ఫ్లాట్‌లో గంటకి గదిలో సగం గాలి మారుతుందనుకుంటే పొగ పదో వంతుకి తగ్గడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. ఫ్యాన్ పెట్టి గంటకి పదిసార్లు మారేలా చేస్తే పావుగంటలో అదే పని అవుతుంది.

సామగ్రి దగ్గరే సగం సమస్య తీరిపోతుంది. కట్టెలు వారం ముందే తెప్పించి ఎండలో పెట్టండి, సన్నగా చీల్పించండి. మోదుగ, రావి, మేడి, జమ్మి, ఉత్తరేణి, చండ్ర, జిల్లేడు, ఏది దొరికినా పొడిగా ఉండాలి. పిడకలు అంటించడానికి ఒకటో రెండో చాలు, కట్టెకంటే పిడక పొగే ఎక్కువ. కర్పూరం కూడా గుప్పెళ్ళు పొయ్యకండి, అది నల్లమసితో కాలుతుంది, దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టినవాళ్ళకి ఆ మసి ఎంత సన్నగా ఉంటుందో తెలుసు, వేలికి అంటితే గీతల్లోకి దిగిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయేది అలాంటిదే. హోమద్రవ్యం పొడి అని కవర్లలో అమ్మేది వద్దు, అందులో రంపపు పొట్టు ఎంతో, సెంటు ఎంతో ఎవరికీ తెలియదు. అటుకులు, పేలాలు, నువ్వులు, చెరకు ముక్కలు, ఎండు కొబ్బరి విడివిడిగా కొనుక్కోండి. నెయ్యి మీరు తినేదే వాడండి, తినడానికి కాదు అని సీసా మీద రాసి ఉన్నది అగ్నిలో మాత్రం ఎందుకు వెయ్యాలి. నెయ్యి మంట మీద పడితే మంచి జ్వాలతో కాలుతుంది, నిప్పుల మీద పడి మాడితేనే కళ్ళు మండే పొగ వస్తుంది, అందుకని జ్వాల తగ్గినప్పుడు ఆగండి.

పూర్ణాహుతిలో వేసే పట్టుగుడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. దుకాణంలో ఎర్ర జాకెట్టు ముక్క జరీ అంచుతో ఇస్తారు, అది చాలాసార్లు పాలిస్టర్, అంటే ప్లాస్టిక్. మూటకట్టి అగ్నిలో వేస్తే ప్లాస్టిక్ కాలిన పొగ వస్తుంది, అంతా భక్తితో దాని దగ్గరికి వంగి దణ్ణం పెడతారు. ఒక పోగు లాగి వెలిగించి చూడండి, అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి చేత్తో నలిపితే పొడి అవుతుంది, పాలిస్టర్ కరిగి చివర గట్టి పూస కడుతుంది. పట్టు ముక్క చిన్నది చాలు, అది లేకపోతే నూలు గుడ్డ చాలా అని పురోహితుల్ని అడగండి. అలాగే కొత్త ఫ్లాట్‌లో వడ్రంగులు వదిలేసిన ప్లైవుడ్ ముక్కలు ఉంటాయి, కట్టెలు తక్కువైతే ఎవరో ఒకరు అవి తెచ్చి వేసేస్తారు. నేను స్వయంగా చూశాను, ఆ జిగురు, లామినేట్ పొగకి నిమిషాల్లో గదంతా దగ్గులు మొదలయ్యాయి. ఆ ముక్కలన్నీ ముందురోజే బయట పడేయించండి.

ఆహుతుల సంఖ్య సంగతి. నవగ్రహ హోమంలో గ్రహానికి 108 అని ఉన్నచోట 28, 8 చేసే సంప్రదాయం కూడా ఉంది. మీ ఇంట్లో ఆస్తమా మనిషి, పసిపాప ఉన్నారని ముందే చెప్పి ఎంత తగ్గించవచ్చో పురోహితుల్నే నిర్ణయించమనండి, ఎక్కువ భాగం ఆజ్యంతో, అంటే నెయ్యితోనే, నడిపించవచ్చా అనీ అడగండి. ఆయనకి తెలిసినంత మనకి తెలియదు. సామాను తగ్గింది కదా అని దక్షిణ మాత్రం తగ్గించకండి.

అసలు ఆయన గురించీ ఆలోచించండి. మీకు ఇది జీవితంలో ఒకసారి, మహా అయితే ఏడాదికోసారి. ముహూర్తాల రోజుల్లో ఋత్విక్కులు పొద్దున ఒక ఇంట్లో, మధ్యాహ్నం ఒక ఇంట్లో, సాయంత్రం గుళ్ళో, రోజంతా ఆ పొగలోనే గొంతెత్తి మంత్రం చెప్తారు, గొంతెత్తి చెప్పడం అంటే లోతుగా గాలి పీల్చడం. మా మేనమామకి మాఘం, ఫాల్గుణం అయ్యేసరికి కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉంటాయి, రాత్రుళ్ళు దగ్గుతో నిద్రపోరు, సిగరెట్టు ముట్టని మనిషి. హోమం పొగ ఊపిరితిత్తులకి మందు అయ్యుంటే అందరికంటే ఆరోగ్యంగా ఉండాల్సింది ఆయనే. కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి వండిన మన అమ్మమ్మలకి వచ్చిన ఆయాసం కూడా ఇదే పొగతో వచ్చింది. ఇంట్లో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. కాబట్టి మీరు ఫ్యాన్ పెట్టి కిటికీ తీసేది మీ ఇంటివాళ్ళ కోసమే అనుకోకండి, వచ్చిన బ్రాహ్మల్ని గాలి వచ్చే వైపు కూర్చోబెట్టండి, పొగ వాళ్ళ మీదికి తిరిగితే రెండు నిమిషాలు ఆగమని మీరే చెప్పండి, మొహమాటంతో వాళ్ళు అడగరు.

అత్తగారు, పాప. వీలైతే హోమం జరిగే రెండు మూడు గంటలు ఇద్దరూ ఎదురింట్లోనో కింద బంధువుల దగ్గరో ఉండటం మంచిది, పొగ పోయాక పూర్ణాహుతి ప్రసాదానికి వస్తారు. ఇంట్లోనే ఉండాలంటే హాలుకి దూరంగా, గాలి లోపలికి వచ్చే వైపు గదిలో, తలుపు మూసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు పెట్టి. అత్తగారి ఇన్‌హేలర్ చేతికందేలా ఉంచండి, ముందే ఏమన్నా వాడాలా అనేది వాళ్ళ డాక్టర్ని అడగండి, నేను డాక్టర్ని కాదు. పొగ పట్టిస్తే ఆస్తమా తగ్గుతుంది అని ఎవరన్నా అంటే దయచేసి వినకండి, పొగ ఆస్తమాని రేపుతుంది, ఇందులో రెండో మాట లేదు. హాల్లో కూర్చునే గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఉంటే వాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

ప్యూరిఫయర్ అడిగారు. హోమం జరిగే హాల్లో పెట్టడం దండగ, ఫిల్టర్ త్వరగా నిండిపోవడం తప్ప ఆ మోతాదు పొగకి అది ఆగదు. అత్తగారున్న గదిలో పెట్టండి, తలుపు మూసి, హోమం మొదలవ్వకముందే. హెపా ఫిల్టర్ ధూళిని పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టదు, ఎన్95 మాస్కూ పట్టదు, ఇది గుర్తుంచుకోండి.

ఎందుకంటే నాకు అన్నిటికంటే భయం ఆ కార్బన్ మోనాక్సైడే. హోమం అయిపోతుంది, భోజనాలు అవుతాయి, అలసిపోయి అందరూ తలుపులు కిటికీలు వేసుకుని ఏసీ పెట్టుకుని అదే హాల్లో చాపలేసి పడుకుంటారు. గుండంలో బూడిద కింద నిప్పులు ఇంకా ఉంటాయి. మంట లేదు, పొగ లేదు, వాసన లేదు, కానీ నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. చలికాలంలో ఉత్తరాదిన బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకుని కుటుంబాలు చనిపోయిన వార్తలు మనం ఏటా చదువుతాం, కారణం ఇదే. తలనొప్పి, వికారం, తూలడం కనిపిస్తే వెంటనే అందరూ బయటి గాలికి వెళ్ళిపోవాలి. అగ్నిని నీళ్ళు పోసి ఆర్పకూడదు అంటారు కాబట్టి ముందే ఏర్పాటు చేసుకోండి, ఇటుకలు పేర్చి ఇసుక పోసే గుండం కంటే రెండు చెవులున్న ఇనుప లేదా రాగి హోమగుండం తెప్పించండి, పురోహితులు ఉద్వాసన (అగ్నికి వీడ్కోలు) చెప్పాక ఇద్దరు మందపాటి గుడ్డలతో పట్టుకుని బాల్కనీలోకి మార్చేయొచ్చు. మర్నాటిదాకా అక్కడే ఉంచి చల్లారాకే భస్మం తియ్యండి. అది లోపలే ఉండాలంటే ఆ రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు, కిటికీలు మూయొద్దు.

అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఒక మాట, డల్లాస్, న్యూజెర్సీ వైపు మనవాళ్ళు చాలామంది గ్యారేజీలో హోమం చేస్తారు, అది మంచి ఆలోచనే, కానీ చలి అని గ్యారేజీ షట్టర్ దించేయకండి, ఇంట్లోకి వెళ్ళే తలుపు మాత్రం మూసి ఉంచండి. స్మోక్ అలారం కాసేపు కప్పాల్సి వస్తే అయిపోగానే తీసేయడం ఒకళ్ళకి పని అప్పజెప్పండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం జోలికి అసలు వెళ్ళొద్దు.

మర్నాడు నేలని పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, ఊడిస్తే కూర్చున్న మసి మళ్ళీ లేస్తుంది. కర్టెన్లు, సోఫా కవర్లు హోమం అయ్యాక తగిలించుకోండి, ముందే వేస్తే వారాల తరబడి వాసన పోదు. ఇంకొకటి, కొత్త రంగులు, కొత్త వుడ్‌వర్క్ వాసన హోమంతో పోతుందని అనుకుంటారు, ఆ వాసన మీద ఈ వాసన పడుతుందంతే, రంగులోంచి, జిగురులోంచి వచ్చేది అలాగే ఉంటుంది. గృహప్రవేశానికి ముందు రెండు మూడు వారాలు పగటిపూట కిటికీలన్నీ తీసి ఉంచండి, పాప కోసం అది చాలా అవసరం.

మీ హాలు కొలతలు, బాల్కనీ ఏ దిక్కున ఉంది, ఎదురుగా కిటికీ ఉందా లేదా అనేది కింద రాయండి, గుండం ఎక్కడ పెట్టాలో ఫ్యాన్ ఎటు తిప్పాలో చూసి చెప్తాను.